చివరి గొడుగు దగ్గర గొంతు

ఆ కొండ మీద చివరి గొడుగు దగ్గరికి రాత్రిపూట ఎవరూ వెళ్ళరు.

గొడుగంటే వానకి పట్టుకునేది కాదు. ఇనుప గొడుగు. ఇల్లంత ఉంటుంది. తిరగేసి ఆకాశానికి పట్టినట్టు నిలబెట్టారు. అలాంటివి కొండ నెత్తిన విల్లులా వంగిన వరసలో ఉన్నాయి. నక్షత్రాల నుంచి వచ్చే రేడియో అలల్ని పట్టుకోవడం వాటి పని. వాటికో పొడుగాటి శాస్త్రీయ నామం ఉంది గానీ, గేటు మీది బోర్డుకి తప్ప అది ఎవరికీ నోరు తిరగదు. అక్కడ పనిచేసే వాళ్ళందరికీ అవి గొడుగులే.

వరసలో మొదటిది ఊరు కనిపించే అంచున. చివరిది లోయ అంచున. మధ్యలో కంట్రోల్ రూము.

ఆ చివరిదాని దగ్గర... గొంతు వినిపిస్తుందట.

ఎవరి గొంతు అంటే మాత్రం ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. కాపలా బాబాయ్ లెక్క ప్రకారం అది ఎప్పుడో గొడుగు మీంచి జారిపడిన మెకానిక్‌ది. క్యాంటీన్ వంటాయన ఒప్పుకోడు — ప్రియుడు మోసం చేస్తే లోయలో దూకిన పిల్లదంటాడు. గొడుగులు రాకముందు ఆ కొండ మీద రాళ్ళు తప్ప ఏమీ లేవే, ప్రియుడెక్కడి నుంచి వచ్చాడు అని అడిగితే ఆయనకి కోపం వస్తుంది. జీపు డ్రైవరైతే అసలది మనిషే కాదంటాడు. ఇంకేమిటో చెప్పడు. చెప్పనందువల్ల అతని కథకే ఎక్కువ గిరాకీ.

ఒక్క విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకటే మాట. నువ్వు ఒంటరిగా ఉంటావు. చుట్టూ ఎవరూ ఉండరు. అప్పుడు చెవి పక్కనే... ఊపిరి తగిలేంత దగ్గర్లో...

"వినపడుతోందా?..."

అంతే. పాత ఆపరేటర్ ఒక రాత్రి అది విన్నాడు. తెల్లారగానే కూరగాయలు దింపి వెళ్తున్న జీపెక్కి కొండ దిగాడు. దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. రాజీనామాలో 'ఆరోగ్య కారణాలు' అని రాశాడు. దిండు కూడా తీసుకెళ్ళలేదు.

అతని కుర్చీలోకి వచ్చింది అక్కయ్య.

అక్కయ్యకి అసలు పేరు ఉండే ఉంటుంది. కొండెక్కిన మొదటి రోజే వంటాయన 'అక్కయ్యా' అన్నాడు, ఆ పేరే ఖాయమైపోయింది. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అక్కయ్యా అనే పిలుస్తారు. ఆవిడ పని రాత్రంతా తెరల ముందు కూర్చుని గొడుగులన్నిటినీ ఆకాశంలో ఒకే చోటికి చూసేలా తిప్పడం. భూమి తిరుగుతుంటే అవీ తిరగాలి. చంటిపిల్లల బడి నడపడం లాంటిదే. అందరూ బోర్డు వైపు చూడాలి. ఎవడో ఒకడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాడు.

దెయ్యం సంగతి చెప్పినప్పుడు ఆవిడ బాబాయ్‌ని ఒక్కటే అడిగింది.

"ఆ మెకానిక్ పోయి ఎన్నేళ్ళయింది బాబాయ్?"

"చాలా ఏళ్ళమ్మా."

"అయితే పాపం, చచ్చాక కూడా నైట్ డ్యూటీయే అన్నమాట."

బాబాయ్ నవ్వలేదు. ఆయనకి సరిగ్గా వినపడి ఉండదు. వినపడకపోవడానికి కారణం పెద్దాయన.

పెద్దాయన అంటే డైరెక్టర్. ఆ కొండకి రాజు, మంత్రి, పోలీసు అన్నీ ఆయనే. ఆయనకి ఒక్కటే శత్రువు — సెల్ ఫోన్. అందులో తప్పు లేదు. కొండ మీద ఒక్క ఫోన్ వెలిగినా చాలు, ఎక్కడో లెక్కకందని దూరం నుంచి వచ్చిన చిన్న గుసగుస దాని కింద నలిగిపోతుంది. కాబట్టి గేటు దగ్గరే అందరి ఫోన్లూ తీసుకుని బీరువాలో పెడతారు. ఆ ఊపులో ఆయన వంటాయన ట్రాన్సిస్టర్ తీసుకున్నాడు. డ్రైవర్ గడ్డం గీసుకునే మిషన్ తీసుకున్నాడు. బాబాయ్ చెవి మిషన్ కూడా తీసుకున్నాడు. అప్పటి నుంచి బాబాయ్‌కి మనుషుల మాటలు సగమే వినపడతాయి. దెయ్యం మాటలు మాత్రం పూర్తిగా వినపడతాయి.

కొండంతటికీ మిగిలింది ఒక్క తీగ ఫోన్. అది పెద్దాయన గదిలో. చీకటి పడగానే ఆ గదికి తాళం. తాళం చెవి ఆయన జేబులో.

ఆ తాళం గురించే అక్కయ్య ఆయన ముందు నిలబడాల్సి వచ్చింది.

"చెల్లెలికి నెలలు నిండాయండీ. పెళ్ళయిన ఇన్నేళ్ళకి తొలి కాన్పు. బీపీ పెరిగిపోయిందని ఆస్పత్రిలోనే ఉంచేశారు. రాత్రిపూట గది తీసి ఉంచితే..."

"అక్కయ్యగారూ." పెద్దాయన కళ్ళజోడు తీశాడు. త్యాగం గురించి మాట్లాడేటప్పుడు ఆయన కళ్ళజోడు తీస్తాడు. "మనం మామూలు ఉద్యోగాలు చెయ్యడం లేదు. విశ్వాన్ని వింటున్నాం."

"నిజమేనండీ. నేను చెల్లెల్ని కూడా వినాలనుకుంటున్నాను. తీగ ఫోనే కదా."

"ఇవాళ మీరు తీగ ఉన్న ఫోనంటారు. రేపు ఇంకొకరు తీగ లేనిది అంటారు. ఒక్కసారి సడలిస్తే అయిపోయింది. నా సంగతి చూడండి. మా ఆవిడ ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. కొండెక్కితే నేను ఆవిడ గొంతు వినేది మళ్ళీ సెలవులకే."

చెప్పి కళ్ళజోడు తుడుచుకున్నాడు. అక్కయ్యకే జాలేసింది. అడిగినందుకు తానే సిగ్గుపడి బయటికి వచ్చింది.

ఇదంతా సరిపోనట్టు, అదే రోజుల్లో తోకచుక్క మెరిసింది.

తోకచుక్క కూడా మనిషే. ఖగోళ శాస్త్రవేత్త. ఎప్పుడో గానీ బయట కనిపించడు, కనిపించిన రోజు అందరూ చెప్పుకుంటారు, వెనకాల పొడుగ్గా జుట్టు వేలాడుతుంటుంది — అందుకని ఆ పేరు. మంచివాడే. ఎదురుగా అన్నం కంచం ఉన్న సంగతి మర్చిపోయే రకం. ఆయనకి ఈమధ్య ఒక సంకేతం దొరికింది.

రాత్రి వేళ వస్తుంది. కాసేపు ఉంటుంది. పోతుంది. గడియారంలా ఒకే తీరున రాదు. ఆగుతూ, సాగుతూ... ఎవరో ఆలోచించుకుని మాట్లాడుతున్నట్టు వస్తుంది.

"ఎటు నుంచి వస్తోంది సార్?" అనడిగింది అక్కయ్య.

"అదే వింత. గొడుగుల్ని ఎటు తిప్పినా వస్తోంది."

"ఎటు తిప్పినా వస్తోందంటే... ఇక్కడే మన పక్కన ఏదో ఉందేమో సార్. ఫోనో ఏదో."

"నాకూ అదే అనుమానం వచ్చింది. పెద్దాయన్ని అడిగాను. నేనుండగా ఈ కొండ మీద ఫోనా అన్నాడు. గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు." తోకచుక్క గొంతు తగ్గించాడు. "అంటే ఒకటే అర్థం. వాళ్ళు ఒక చోట లేరు. అన్ని వైపులా ఉన్నారు."

అక్కయ్య నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. మింగేయడానికి కారణం ఉంది. ఖర్చు దండగని ఆ కొండని మూసేద్దామనుకుంటున్నారు పై ఆఫీసు వాళ్ళు. చూసి తేల్చడానికి ఒక కమిటీ వస్తోంది. వాళ్ళ ముందు ఈ సంకేతం పెట్టి కొండని కాపాడాలని తోకచుక్క ఆశ. నిద్ర మానేసి, కళ్ళు గుంటలు పడిపోయి, తెర ముందు కూర్చున్న మనిషితో ఇంకేం వాదిస్తుంది?

కమిటీ తెల్లారితే వస్తుందనగా, ఆ రాత్రి...

గాలి లేదు. కొండ మీద గాలి లేని రాత్రి చాలా అరుదు. పొగమంచు దిగి గొడుగుల కాళ్ళ చుట్టూ కదలకుండా నిలబడింది. ఏ చప్పుడూ లేదు.

సాయంత్రమే మరిది ఫోన్ చేశాడు. "వదినా, ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. ఈ రాత్రికే అవ్వచ్చు. అవగానే చేస్తాను" అన్నాడు. సరేనంది అక్కయ్య. పెట్టేశాక గుర్తొచ్చింది — అతను చేస్తాడు. ఫోన్ మోగుతుంది. తాళం వేసిన గదిలో, ఖాళీ కుర్చీ ముందు మోగుతుంది.

ఆ ఆలోచనతోనే తెరల ముందు కూర్చుంది. చేతులు పని చేస్తున్నాయి. మనసు ఆస్పత్రి వరండాలో ఉంది.

ఉన్నట్టుండి సగం తెరలు నల్లబడ్డాయి.

లోయ వైపు గొడుగులన్నిటికీ కరెంటు పోయింది. ఆ వైపు కరెంటు పంచే స్విచ్చుల పెట్టె ఒకటుంది. చెమ్మ ఎక్కువైతే అందులో మెయిన్ స్విచ్చు దానంతటదే పడిపోతుంది. వెళ్ళి చేత్తో ఎత్తాలి. ఆ పెట్టె ఉన్నది —

చివరి గొడుగు దగ్గర.

"ఇవాళేనా..." తోకచుక్క రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అక్కయ్యా, నీకు దణ్ణం పెడతాను. సంకేతం వచ్చే వేళయింది. ఈ రాత్రిది రికార్డు కాకపోతే రేపు చూపించడానికి సగమే ఉంటుంది."

"దణ్ణాలెందుకు సార్. టార్చి ఇవ్వండి చాలు."

తోడు వస్తానని బాబాయ్ బయల్దేరాడు. సగం దారిలో దీపస్తంభం ఉంది. అక్కడికి రాగానే ఆయనకి మోకాలు నొప్పి మొదలైంది.

"ఇక్కడి నుంచి నిన్ను కనిపెట్టుకునుంటానమ్మా" అన్నాడు. మంచులో ఆయనకి తన చెయ్యే కనిపించడం లేదు.

అక్కయ్య ఒక్కతే నడిచింది.

టార్చి వెలుగు నాలుగడుగుల కంటే ముందుకి పోవడం లేదు. కాళ్ళ కింద కంకర కరకరమంటోంది. ఆగితే అదీ లేదు. ఆవిడకి భయం లేదు. లేదనే అనుకుంది. మాటిమాటికీ టార్చి వెనక్కి తిప్పి చూడటం మాత్రం మానలేదు.

చివరి గొడుగు మంచులోంచి కొంచెం కొంచెంగా బయటపడింది. దాని మర ఎప్పుడో పట్టేసింది. ఆకాశం వైపు లేవలేదు. తలొంచుకుని, నోరు తెరిచి, కొండ మీదుగా ఎదురుగా చూస్తూ ఉండిపోయింది. ఇనుప నిచ్చెనెక్కితే ఆ తెరిచిన నోటి ముందు చిన్న అరుగు. అరుగు మీద స్విచ్చుల పెట్టె.

ఎక్కింది. పెట్టె తలుపు తీసింది. స్విచ్చు ఎత్తింది.

టక్... మని చప్పుడైంది. వరసలో గొడుగుల కింద దీపాలు మినుకుమినుకుమన్నాయి. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరగబోయింది.

"వినపడుతోందా?..."

అక్కయ్య కదల్లేదు.

చెవి పక్కనే. కుడి చెవి పక్కనే. మగ గొంతు. గుసగుస.

టార్చి తిప్పింది. మంచు. ఇనుము. ఎవరూ లేరు.

"వినపడుతోందా?... నాకిక్కడ నిద్ర లేదు... చలి ఎముకల్లోకి దిగిపోయింది..."

నిచ్చెన ఎక్కడుందో ఆవిడ కాళ్ళకి తెలుసు. అటు కదలమంటే కదలడం లేదు.

"తలుపు తీసే ఉంచు... వచ్చేస్తాను... ఇంక నీ దగ్గరే ఉంటాను... వదిలిపెట్టను..."

పాత ఆపరేటర్ మీద ఆవిడకి అంతదాకా ఉన్న చిన్నచూపు మొత్తం అప్పుడు పోయింది. పాపం, దిండు ఒక్కటే వదిలేసి వెళ్ళాడు. తానైతే చెప్పులు కూడా వదిలేసేది.

పరిగెత్తాల్సిందే. పరిగెత్తేదే. కానీ ఆ క్షణంలో మనసులోకి ఇంకో ఆలోచన దూరింది. ఎందుకు దూరిందంటే ఆవిడా తర్వాత చెప్పలేకపోయింది. చచ్చిపోయినవాడికి అన్నీ తెలుస్తాయంటారు కదా. ఆపరేషన్ గదిలో ఏం జరుగుతోందో ఈ కొండ మీద బతికున్న వాళ్ళెవరికీ తెలీదు. తెలుసుకోనివ్వరు. మరి వీడికి...

ఇంజనీరింగ్ చదువుకుంది అక్కయ్య. రేడియో అలల మీద రాత్రింబవళ్ళు లెక్కలు కట్టింది. ఆ మనిషి చీకట్లో, మంచులో, కళ్ళు గట్టిగా మూసుకుని, దెయ్యాన్ని అడిగింది —

"చెల్లెలు... బతుకుతుందా?"

గొంతు ఆగిపోయింది.

తర్వాత... వణుకుతూ...

"ఎవ... ఎవరది?"

"చెప్పు" అంది అక్కయ్య. కన్నీళ్ళు కారుతున్నాయి. "నీకు దణ్ణం పెడతాను. చెల్లెలు బతుకుతుందా?"

"అమ్మ బాబోయ్" అంది దెయ్యం.

ఆ వెంటనే చెవిలోనే డబ్బాలు దొర్లిన చప్పుడు, ఏదో విరిగిన చప్పుడు, కాళ్ళు తడబడుతూ పరిగెత్తిన చప్పుడు. దూరమైపోయాయి. ఆగిపోయాయి.

అక్కయ్య నెత్తిన పిడుగు పడ్డట్టయింది. దెయ్యానికే చెప్పడానికి నోరు రాలేదు. దెయ్యమే జడుసుకుని పారిపోయింది. అంటే... చెల్లెలికి...

నిచ్చెన ఎలా దిగిందో తెలీదు. కంట్రోల్ రూము వైపు పరుగు. దీపస్తంభం దగ్గర బాబాయ్ లేడు. కనిపెట్టుకుని ఉంటానన్న పెద్దమనిషి దెయ్యం పెట్టిన 'బాబోయ్' కేక వినగానే మోకాలు నొప్పి మర్చిపోయి ఆవిడ కంటే ముందే పరిగెత్తాడు.

ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి బాబాయ్ బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. తోకచుక్క తెర ముందు నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

"వచ్చింది" అన్నాడు గుసగుసగా. "అక్కయ్యా, చూడు... ఎప్పటికంటే బలంగా ఉంది."

"సార్, మా చెల్లెలు..."

"ఇంకా పెరుగుతోంది. ఇలా ఎప్పుడూ పెరగలేదు." ఆయన వేలు తెర మీద పాకుతున్న గీత వెంట పైకి పోయింది. "దగ్గరికొస్తున్నారు."

"ఎవరు?"

"వాళ్ళే."

గీత లేస్తోంది. ఒక్కో ఊపుకీ ఇంకాస్త పైకి. తోకచుక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్కయ్య ఏడుపు ఆగిపోయింది. ముగ్గురూ తెర వైపే చూస్తున్నారు. గీత తెర అంచుని తాకింది. ఇంక లేవడానికి చోటు లేదు.

బయట కంకర కరకరమంది.

ఎవరో ఒక కాలు ఈడ్చుకుంటూ... వస్తున్నారు.

"తలుపు వెయ్యండమ్మా" అన్నాడు బాబాయ్. ఈసారి ఆయనకి అన్నీ స్పష్టంగానే వినపడుతున్నాయి.

ఎవరూ లేవలేదు. తలుపు పిడి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. నెమ్మదిగా తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో ఒక తెల్లటి ఆకారం నిలబడి ఉంది. తల తెలుపు. ముఖం తెలుపు. చేతుల నుంచి తెల్లగా, చిక్కగా ఏదో కారుతోంది. నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది.

"ఆడదెయ్యం" అంది ఆ ఆకారం, పెద్దాయన గొంతుతో. "మొదటి గొడుగు దగ్గర... నా చెవిలో... చెల్లెలు బతుకుతుందా అని అడిగింది..."

పెయింట్ వాసన గది నిండా కమ్ముకుంది.

అక్కయ్య లేచి నిలబడింది. మొదటి గొడుగు. దానికి రంగు వేయించడానికని చలికాలం మొదట్లో తల కిందికి దించి పెట్టారు. చుట్టూ పరంజా కట్టారు. పెయింట్ డబ్బాలు ఆ కర్రల మీదే ఉన్నాయి. వరస విల్లులా వంగింది కాబట్టి, మొదటిది తల దించితే దాని ముఖం సరిగ్గా ఎక్కడికి తిరుగుతుంది? లోయ అంచున, నోరు తెరుచుకుని ఉన్న చివరిదాని ముఖంలోకి. నక్షత్రాల మాట పట్టుకోవడానికి కట్టిన గిన్నెలు. మనిషి మాట పట్టుకోలేవా? ఇక్కడ గుసగుసలాడితే అక్కడ, అక్కడ ఏడిస్తే ఇక్కడ.

ఎన్నో ఏళ్ళనాటి దెయ్యం అన్నారు. దాని వయసు చూడబోతే ఆ పరంజా వయసే.

మరి పెద్దాయన రాత్రిపూట పరంజా ఎక్కి ఎవరితో గుసగుసలాడుతున్నట్టు?

అడగాల్సిన అవసరం రాలేదు. ఆయన ప్యాంటు జేబులోంచి, సన్నగా, చిరాగ్గా, ఒక గొంతు వచ్చింది.

"ఏమండీ... వినపడుతోందా?... ఏమండీ... ఎవరండీ ఆ ఆడమనిషి?"

తెర మీద గీత ఆ మాటలకి తగ్గట్టే మురిపెంగా ఊగుతోంది.

తోకచుక్క ఆ గీతని చూశాడు. జేబుని చూశాడు. మళ్ళీ గీతని చూశాడు. కుర్చీ కోసం చేత్తో వెతుక్కుని మెల్లిగా కూర్చున్నాడు. అన్ని వైపులా ఉన్నవాళ్ళు ఒక్కసారిగా ఒక జేబులోకి వచ్చిపడ్డారు.

"ఇక్కడ ఊరి టవర్ అంతంతమాత్రం. పరంజా పైకెక్కితే బాగా అందుతుంది" అన్నాడు పెద్దాయన. ఎవరూ అడగలేదు. "ఆవిడకి ఒక్కతే ఉంటే నిద్ర పట్టదు. ఆఫీసు తీగ ఫోన్‌లో చేస్తే బిల్లులో తెలిసిపోతుంది. కాసేపే..."

అక్కయ్య ఆయన జేబులో చెయ్యి పెట్టి ఫోన్ తీసుకుంది. ఆయన అడ్డు చెప్పలేదు.

"నమస్కారమండీ" అంది ఫోన్లో. "ఆయన బాగానే ఉన్నారు. కాస్త రంగు పడింది. ఆ ఆడమనిషిని నేనే."

"నువ్వెవరమ్మా?"

"నిన్నటిదాకా ఆపరేటర్ని. ఇందాకటి నుంచి దెయ్యాన్ని. ఈ ఫోన్ కాసేపు నాకు కావాలండీ. తర్వాత ఆయన చేత చేయిస్తాను. అన్నీ ఆయనే చెబుతారు."

పెట్టేసి మరిది నంబరు నొక్కింది. తొందరలో ఒకసారి తప్పు నొక్కింది. మళ్ళీ నొక్కింది. అటువైపు మోగుతోంది. మోగుతోంది. ఎత్తడం లేదు. పెద్దాయన చొక్కా అంచు నుంచి పెయింట్ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్నాయి. ఆయన వైపు చూస్తే ఏమంటుందో తనకే తెలీక అక్కయ్య గోడ వైపు తిరిగింది.

"హలో?"

"నేనయ్యా. చెప్పు."

"వదినా... ఎన్నిసార్లు చేశానో ఆఫీసుకి. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తరేం?"

"అది తర్వాత. చెల్లెలు ఎలా ఉంది?"

మరిది వెంటనే మాట్లాడలేదు. ఆ కాసేపట్లో అక్కయ్య చివరి గొడుగు దగ్గర పడ్డ భయం ఒక లెక్కలోది కాకుండా పోయింది.

"మధ్యలో చాలా కష్టమైంది వదినా. రక్తం ఎక్కించారు. ఒక దశలో... వద్దులే. ఇప్పుడు బాగుంది. కళ్ళు తెరిచింది. అక్కకి చెప్పావా అని అడిగింది. ఆడపిల్ల."

అక్కయ్య నేల మీద కూర్చుండిపోయింది, బాబాయ్ పక్కన.

"ఉండు, వినిపిస్తాను" అన్నాడు మరిది.

ఫోన్లోంచి ఏడుపు వచ్చింది. గట్టి గొంతే. గదిలో అందరికీ వినపడింది. బాబాయ్‌కి కూడా. తోకచుక్క ఎందుకో తెర వైపు తిరిగాడు. అలవాటు మరి. గీత పైనే ఉంది. ఒక కొత్త ప్రాణి దగ్గర్నుంచి తొలి సంకేతం అందుకోవాలని ఆ మనిషి జీవితమంతా ఎదురుచూశాడు. అందింది. కాకపోతే కాన్పుల వార్డు నుంచి.

"బాగుంది అక్కయ్యా" అన్నాడు. ఏది బాగుందో చెప్పలేదు. ముఖం తుడుచుకున్నాడు.

పిల్ల ఏడుపు ఆగాక, ఫోన్ పెట్టేశాక, అసలు సంగతి మిగిలింది. కమిటీ ఇప్పటికే బయల్దేరి ఉంటుంది.

"వాళ్ళకి ఏం చెబుదాం?" అన్నాడు పెద్దాయన. కళ్ళజోడు తీద్దామనుకున్నాడు. అది పెయింట్‌కి అంటుకుని రాలేదు.

"నిజం చెబుదాం" అన్నాడు తోకచుక్క. "సంకేతం మనదే, బయటిది కాదు అని. నేనే చెబుతాను. పొరపాటు పడ్డది నేను."

"నిజమంటే... మొత్తం నిజమా?"

తోకచుక్క అక్కయ్య వైపు చూశాడు. అక్కయ్య పెద్దాయన్ని తేరిపార చూసింది. చలికి, భయానికి, పెళ్ళానికి చెప్పాల్సిన సంజాయిషీకి కలిపి ఆయన వణుకుతున్నాడు. తెల్లటి ముఖంలో రెండు కళ్ళు మాత్రం మనిషివి. ఇంటికి వచ్చేస్తానని, నిద్ర పట్టడం లేదని ఇందాక చెవిలో గుసగుసలాడింది ఈయనే కదా అనుకుంది. ఎంత వద్దనుకున్నా కోపం సగమే వచ్చింది.

"ఆ గది తాళం ఇటివ్వండి" అంది. "ఇక మీదట నా దగ్గరే ఉంటుంది. ఎవరికి అవసరమైతే వాళ్ళు మాట్లాడుకుంటారు, మీతో సహా. బాబాయ్ చెవి మిషన్ బాబాయ్‌కి ఇచ్చేయండి. ఆ సెల్లు రేపు గేటు దగ్గర బీరువాలోకి వెళ్తుంది. మిగతాది మీ ఇద్దరూ ఏం రాసుకుంటారో నాకు అక్కర్లేదు."

ఆయన తాళం చెవి తీసి ఇచ్చాడు. అదీ తెల్లగానే ఉంది.

కమిటీ వచ్చింది. తోకచుక్క నిలబడి, సంకేతం ఆకాశంలోది కాదని, కొండ మీదిదేనని, తానే తొందరపడ్డానని చెప్పాడు. కమిటీలో ఒకావిడ ఆయన్ని చాలాసేపు చూసి, ఇన్నేళ్ళలో తప్పు చేశానని ఒప్పుకున్న శాస్త్రవేత్తని ఇదే మొదటిసారి చూస్తున్నానంది. కొండని మూసే సంగతి ఇంకో రెండేళ్ళు వాయిదా పడింది. ఎందుకు వాయిదా పడిందో ఎవరికీ అర్థం కాలేదు. తోకచుక్క కూడా అడగలేదు, మళ్ళీ ఆకాశంలోకి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే మొదటి గొడుగుకి రంగు పూర్తి చేసి తల పైకెత్తారు. చివరి గొడుగు దగ్గర గొంతు ఆ రోజు నుంచి లేదు.

మరి ఆ చోటికి చెడ్డపేరు పోయిందా అంటే, పోలేదు. ఇంకా పెరిగింది. పెద్దాయన నివేదికలో మొత్తం నిజం రాయలేక, అబద్ధం రాయడానికి తోకచుక్క ఒప్పుకోక, ఇద్దరూ కూర్చుని ఒక వాక్యం తయారుచేశారు. పై ఆఫీసు ముద్ర పడి వచ్చాక దాన్ని నోటీసు బోర్డుకి కూడా అంటించారు. 'చివరి గొడుగు పరిసరాల్లో రాత్రి వేళల్లో గమనించిన స్థానిక అలజడిని గుర్తించి, తగిన విధంగా శాంతింపజేయడమైనది.'

ఆ రాత్రి గదిలో జరిగిన మాటలు సగమే విన్న కాపలా బాబాయ్ దాన్ని వంటాయన చేత రెండుసార్లు చదివించుకుని విన్నాడు. చెవి మిషన్ పెట్టుకునే విన్నాడు. విని, డ్రైవర్ వైపు తిరిగి, తృప్తిగా తలాడించాడు.

"చూశావా," అన్నాడు. "పై ఆఫీసు కూడా ఒప్పుకుంది."